పుట్టని బేరము

అమెరికా దేశపు వృత్తి బాస్కెట్‌బాల్ లీగైన ఎన్‌బీఏలో, జట్లు వంతులవారీగా క్రొత్త యాటగాండ్రను ఎంచుకొను డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఎంపికయిన యువకుడు నాలుగేండ్ల తొలి కాంట్రాక్టును ముగించుకొని, ఇక తన విద్యకు విపణిలో ఎంత వెల పలుకునో తెలిసికొనగోరి బయలుదేరు నాటికి, అతని పాత జట్టు జూన్ నెలాఖరులోపల 'క్వాలిఫయింగ్ ఆఫర్' అను ఏకవర్ష ప్రతిపాదన నొకదానిని అతని ముందుంచినచో, అతడు స్వేచ్ఛ గలవాడై యుండియు పూర్ణస్వేచ్ఛ లేనివాడగును. అట్టివానిని రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అందురు. ఏ యితర జట్టయినను అతనికి 'ఆఫర్ షీట్' వ్రాసి యీయవచ్చును. అతడు దానిపై సంతకము చేయవచ్చును. కాని ఆ కాగితము పాత జట్టు చేతికందిన పిమ్మట, అవే షరతులకు మేమే యుంచుకొందుమని వారు చెప్పినచో అతడు తిరిగి వారివాడే.

నేను చిరకాలముగా ఎరిగిన మిత్రులిద్దరు, ఒకరు కళాశాలలో అర్థశాస్త్రము బోధించి విరమించిన మాష్టారు, వేరొకరు కార్మిక వివాదములలో ఇరుపక్షముల తరఫునను వాదించిన వకీలుగారు, ఈ ఆట యెడ సమానమైన మక్కువ గలవారయ్యు ఈ నియమము విషయమున మాత్రము పరస్పర విరుద్ధమైన అభిప్రాయములు గలవారు. వారి వాదమును ఇచట పొందుపరచుచున్నాను. నా మొగ్గు మాష్టారి వైపేయని ముందే చెప్పుచున్నాను. ఐనను వకీలుగారి వాదములలో ఒకటి నన్ను చాలకాలము నిలిపి ఆలోచింపజేసినది, దాని స్థానమున దానిని చూపెదను.

మాష్టారు: వకీలుగారూ, 2025 వేసవిని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గోల్డెన్ స్టేట్ జట్టులో జొనాథన్ కుమింగా, షికాగోలో జాష్ గిడ్డీ, బ్రూక్లిన్‌లో క్యామ్ థామస్, ఫిలడెల్ఫియాలో క్వెంటిన్ గ్రైమ్స్, నలుగురును ఇరువదియైదేండ్లు మించనివారు, నలుగురును ఆటలో ఎదుగుదశలో నున్నవారు. లీగులో పేరుగలవారి బేరములు చాలవరకు జూలై మొదటి దినములలోనే ముగిసిపోవును గదా. వీరు మాత్రము సెప్టెంబరు వచ్చువరకు ఎదురుచూచుచు కూర్చుండిరి. తుదకు గిడ్డీ నాలుగేండ్లకు 10 కోట్ల డాలర్లకు షికాగోతోనే కుదుర్చుకొనెను. కుమింగా క్వాలిఫయింగ్ ఆఫర్ గడువు ముంగిట రెండేండ్లకు, గరిష్ఠముగా 4 కోట్ల 85 లక్షలకు ఒప్పుకొనెను. అందులో రెండవ యేడు ఉంచుకొనుటయో వదలుకొనుటయో జట్టు ఇష్టము. థామస్ సుమారు 60 లక్షల, గ్రైమ్స్ సుమారు 87 లక్షల క్వాలిఫయింగ్ ఆఫర్లను పుచ్చుకొని మరుసటి యేటికై ఆశపెట్టుకొనిరి. ఈ నలుగురిలో ఒక్కడైనను అన్యజట్టు ఆఫర్ షీటుపై సంతకము చేయలేదు. కారణమేమి?

వకీలు: కారణము మీకును తెలిసినదే, మాష్టారూ. ఆ వేసవిలో జట్టు వేతనముల మొత్తమునకు లీగు పెట్టిన హద్దైన శాలరీ క్యాప్ లోపల చెప్పుకోదగిన చోటున్న జట్టు బ్రూక్లిన్ ఒక్కటే. ధనము లేనిచోట బేరము లేకపోయినచో ఆ దోషమును నియమముమీద మోపుట న్యాయమగునా? చోటున్న నాడు కాగితములు రాకపోలేదు. 2014లో గోర్డన్ హేవర్డ్‌కు షార్లెట్ జట్టు నాలుగేండ్లకు 6 కోట్ల 30 లక్షలు వ్రాసి యిచ్చినది. యూటా దానిని సరితూచి అతనిని నిలుపుకొన్నది. 2022లో డియాండ్రె ఏటన్‌కు ఇండియానా 13 కోట్ల 30 లక్షలు వ్రాసినది. ఫీనిక్స్ ఆ దినముననే సరితూచినది. ఇరువురును పూర్తి వెల పుచ్చుకొనిరి. జట్టు మారలేదన్న మాట నిజమే. కాని డబ్బు మారలేదు గదా!

మాష్టారు: ఏటన్ కథనే తీసికొందము. 2018 డ్రాఫ్ట్‌లో ఫీనిక్స్ అతనిని అందరికన్న ముందు ఎంపిక చేసినది. 2021 శరత్తులో గరిష్ఠ వేతనమునకు కాంట్రాక్టు పొడిగింపుమని అతడు కోరగా ఆ జట్టు ఒప్పుకొనలేదు. మరుసటి జూలైలో ఇండియానా, చోటు కల్పించుకొనుటకై తన ఆటగాండ్రను కొందరిని వదలుకొని మరీ, కాగితము వ్రాసినది. ఆ దినముననే ఫీనిక్స్, క్రిందటి యేడు తానే యీయనొల్లని సంగతి మరచినదై, ఔననినది. ఇండియానాకు మిగిలినదేమి? వదలుకొన్నవారు పోయిరి, కోరుకొన్నవాడు రాలేదు. ఇరుగుపొరుగు జట్లన్నియు దీనిని చూచినవి. మీరు చూపిన యిద్దరును గరిష్ఠ వేతనమునకు తగినవారు. అట్టివారికి వెల యెంతయో లీగు పట్టికయే చెప్పును గనుక వ్రాయువానికి సందేహము లేదు. నా దుఃఖము వారిని గూర్చి కాదు, ఆ తరువాతి వరుస వారిని గూర్చి.

వకీలు: ఆ తరువాతి వరుసవానికి కాగితము వ్రాయుటకు అడ్డమేమి? ఒకటి రెండు దినములు వేచియుండుటయే గదా!

మాష్టారు: ఆ ఒకటి రెండు దినములను దగ్గరగా చూడుడు. ఒక జట్టు కార్యాలయమున మీరే నిర్వాహకులై కూర్చున్నారని యూహింపుడు. జూలై మాసారంభము. మీ చేత 2 కోట్ల డాలర్ల చోటున్నది. బల్లమీద రెండు పేరులు: ఒకటి పూర్ణస్వేచ్ఛ గల ముప్పదేండ్ల ఫార్వర్డుది, వేరొకటి పరిమితస్వేచ్ఛ గల ఇరువది మూడేండ్ల గార్డుది. రెండవవాడే మీకు నచ్చెను. అతనిచేత కాగితముపై సంతకము చేయించితిరా, పాత జట్టు సమాధానము చెప్పువరకు ఆ 2 కోట్లు మీ లెక్కలో బంధింపబడి యుండును. ఆ యవధిలో ఫార్వర్డు ఏజెంటు వేరొక జట్టుకు ఫోను చేసి బేరము ముగించుకొనును. పాత జట్టు 'మేమే యుంచుకొందుము' అనినచో మీకు గార్డును దక్కడు, ఫార్వర్డును దక్కడు. మీరు చేసినదల్లా పరుల కొరకు వెల కట్టి పెట్టుట. పోనీ, వారు ఉంచుకొనలేదనుకొందము. అప్పుడు మీకు వేరొక భయము పుట్టును. నాలుగేండ్లు ప్రతిదినము అతని ఆటను, ఆరోగ్యమును, నడవడిని కన్నులార చూచినవారే ఈ వెలకు వద్దనిరే, మనకు తెలియనిది వారికి తెలిసినదేమో యని. గెలిచినను శంక, ఓడినను నష్టము. ఇట్టి పనికి బుద్ధిమంతుడు కలము చేతబట్టునా?

వకీలు: ఈ బాధను లీగువారు గుర్తింపకపోలేదు. 2011 ఒప్పందమున ఏడు దినముల గడువును మూడు చేసిరి, 2017లో రెండు చేసిరి, తరువాత ఇంకను కుదించిరి. మీరనునంత బంధనము నేడు లేదు. అదియుగాక కలము పట్టినవారు కలరు, పట్టుటలో మహానేర్పు చూపినవారును కలరు. 2012లో న్యూయార్క్ నుండి జెరెమీ లిన్‌ను హ్యూస్టన్ తీసికొనిపోయిన విధము మీకు తెలియనిది కాదు.

మాష్టారు: తెలియును, ఆ యుదాహరణము నా పక్షముననే నిలుచును. అది అర్థము కావలెనన్న గిల్బర్ట్ అరీనస్ నుండి మొదలిడవలెను. 2001లో రెండవ రౌండులో, 31వ వానిగా ఎంపికయి, రెండేండ్లలోనే గొప్పవాడైన అతనిని 2003లో వాషింగ్టన్ తీసికొనిపోవుచుండగా, గోల్డెన్ స్టేట్‌కు క్యాప్ చోటు లేక చూచుచు ఊరకుండవలసి వచ్చినది. అట్టి దుస్థితి మరల ఏ జట్టుకును రాకూడదని 2005 ఒప్పందమున ఒక కట్టుబాటు చేసిరి: అనుభవము తక్కువగల యిట్టి యాటగానికి అన్యజట్టు తొలి యేడు, క్యాప్ చోటు లేని జట్లకును లీగు అనుమతించు మధ్యస్థ వేతనమైన మిడ్-లెవెల్ మొత్తమునకును, రెండవ యేడు దానిపై స్వల్పమైన పెంపునకును మించి యీయరాదు, మూడవ యేట మాత్రము ఒక్క పెట్టున పెంపవచ్చును. రక్షణకై చేసిన యీ కట్టుబాటే ఆయుధమైనది. హ్యూస్టన్ లిన్‌కు వ్రాసిన 2 కోట్ల 51 లక్షలలో మొదటి యేడు 50 లక్షలు, రెండవ యేడు 52 లక్షలు, మూడవ యేడు సుమారు 1 కోటి 49 లక్షలు. వ్రాసిన హ్యూస్టన్‌కు లెక్కలో ప్రతి యేడును సగటున 84 లక్షలే పడును. సరితూచు న్యూయార్క్‌కు మాత్రము మూడవ యేటి పిడుగు యథాతథముగా నెత్తిన పడి, వేతనములు హద్దు మీరిన జట్టు చెల్లింపవలసిన లగ్జరీ ట్యాక్సును మోసికొని వచ్చును. న్యూయార్క్ వదలుకొన్నది. వీధి వీధిని అతని పేరు మారుమ్రోగిన కొలది నెలలకే అతడు ఆ నగరమును విడిచిపోయెను.

వకీలు: చూచితిరా! నియమమున్నను ద్వారము తెరచుకొన్నది, యువకునికి పైకమును ముట్టినది.

మాష్టారు: ద్వారము తెరచుకొన్నది నిజమే, అది ఏ వెలకు తెరచుకొనునో చూడుడు. 2016లో బ్రూక్లిన్ జట్టు మయామీ ఆటగాడైన టైలర్ జాన్సన్‌కు 5 కోట్లు, పోర్ట్‌లండ్ ఆటగాడైన ఆలెన్ క్రాబ్‌కు సుమారు 7 కోట్ల 50 లక్షలు వ్రాసినది. జాన్సన్‌కు తొలి రెండేండ్లు ఏటా 60 లక్షలకు లోపు, తరువాతి రెండేండ్లు ఏటా 1 కోటి 90 లక్షలకు దరిదాపు. ఇరువురికిని అంత యేల? పాత జట్టు భయపడి వదలుకొనునంత ఎక్కువగా నుండవలెనని. ఐనను రెండింటిని సరితూచిరి. క్రాబ్‌ను పోర్ట్‌లండ్ మరుసటి వేసవిలోనే, నియమము ప్రకారము సంవత్సరము గడచిన వెంటనే, తిరిగి బ్రూక్లిన్‌కే పంపివేసినది. దీనినుండి నాకు తోచినది చెప్పెదను. ఈ నియమము క్రింద తగిన వెల అనునదియే వ్రాయుటకు వీలులేనిదగుచున్నది. తగినంత వ్రాసినచో పాత జట్టు సంతోషముగా సరితూచును గనుక వ్రాయుట వ్యర్థము. దానిని భయపెట్టునంత వ్రాసినచో వ్రాసినవానికి నష్టము. కావున కొందరికి అర్హతకు మించి కాగితములు వచ్చును, ఎక్కువమందికి కాగితమే రాదు. వచ్చినవాటిని లెక్కపెట్టి, ఆటగాండ్రకు మేలే జరిగినదని లీగు చూపును. రానివాటిని ఎవరు లెక్కపెట్టుదురు? పుట్టని బేరమునకు దస్తావేజు ఉండదు.

వకీలు: దస్తావేజు లేనిదానికి సాక్ష్యమేమని నేను న్యాయస్థానమున అడుగుదును, ఇచట మిత్రభావమున అడుగకుందును గాక. కాని హక్కును గూర్చి మాటాడవలెను. మన ధర్మశాస్త్రములలోను ఇట్టి హక్కు క్రొత్తది కాదు. భూమిని అమ్మదలచినవాడు పరునికి అమ్ముటకు పూర్వము అదే వెలకు సహభాగికి అవకాశమీయవలెనను ప్రీఎంప్షన్, ముస్లిం ధర్మశాస్త్రమున షుఫా అనబడునది, ఈ దేశమున తరతరములుగా నడచినది. జట్టు ఆ యువకునిపై పెట్టిన పెట్టుబడిని చూడుడు. పందొమ్మిదేండ్ల కుర్రవానిని తెచ్చి, మొదటి రెండేండ్ల వేతనమునకు పూచీపడి, అతడు తప్పులు చేయుచు నేర్చుకొనుచున్నంతకాలము ఓటములను భరించి, శిక్షకులను వైద్యులను సమకూర్చి తీర్చిదిద్దిన జట్టుకు తొలి యవకాశమైనను ఉండవలదా? యూటా, ఇండియానా, ఓక్లహామా సిటీ వంటి చిన్న విపణుల జట్లు ఈ హక్కే లేకున్న ఎవరిని నిలుపుకొనగలవు?

మాష్టారు: షుఫా మాట మీరే తెచ్చితిరి గనుక దాని తుది కథయు చెప్పుకొందము. ఇరుగుపొరుగువాడను కారణముచేతనే ముందుగా కొను హక్కును మన సుప్రీంకోర్టు 1962లో భావురామ్ వర్సెస్ బైజ్‌నాథ్ వ్యాజ్యమున రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అమ్మువాని స్వేచ్ఛకు అది యుక్తము కాని ప్రతిబంధమని తేల్చినది.

వకీలు: సహభాగి హక్కును నిలిపినది, మాష్టారూ! ఆ వాక్యము విడువకుడు. జట్టు పొరుగువాడు కాదు, సహభాగి.

మాష్టారు: భూమికి సహభాగి యుండవచ్చును, మనిషి దేహశ్రమకు సహభాగి యెవ్వడు? అందును ఇచట అమ్ముడగు భూమియు ఆటగాడే, అమ్మువాడును అతడే. పెట్టుబడి యంటిరి, ఆ పెట్టుబడికి ప్రతిఫలము నాలుగేండ్లు రాలేదా? తొలి కాంట్రాక్టు వేతనము డ్రాఫ్ట్ స్థానమునుబట్టి పట్టికలో ముందే వ్రాసియుండును. ఎంత గొప్పగా ఆడినను ఆ నాలుగేండ్లు అది మారదు. మూడవ, నాలుగవ యేండ్లు ఉంచుకొనుటయో మానుటయో జట్టు ఇష్టము. అనగా కుర్రవాడు విఫలుడైనచో జట్టు వదలుకొనును, సఫలుడైనచో చౌకగా వాడుకొనును. ఆ పిమ్మటను మరల తొలి హక్కు కావలెననుచున్నది. చిన్న నగరముల మాట నిజమే. కాని యూటా హేవర్డ్‌ను 2014లో బలముతో నిలుపుకొని, అతడు 2017లో బోస్టన్‌కు పోవుటను ఆపలేకపోయినది. నియమము మూడేండ్లు కొన్నది, మనసును కొనలేదు. ఎరిక్ గోర్డన్‌ను చూడుడు: 2012లో తన హృదయము ఫీనిక్స్‌లోనే యున్నదని బహిరంగముగా చెప్పిన యాటగానిని న్యూ ఓర్లియన్స్ 5 కోట్ల 80 లక్షలకు సరితూచి అట్టిపెట్టుకొన్నది.

వకీలు: సరే, చరిత్రకు వత్తము. 1970లో ఆటగాండ్ర సంఘాధ్యక్షుడైన ఆస్కర్ రాబర్ట్‌సన్ లీగుపై వ్యాజ్యము వేయునాటికి ఆటగానికి జట్టు నుండి విముక్తియే లేదు. జట్టు తలచినంతకాలము అతడు దానివాడే. 1976 రాజీతో ఆ శృంఖల తెగినది. మొదట పోయినవానికి బదులు పరిహారమిచ్చు పద్ధతి, పిదప ఈ సరితూచు హక్కు, తుదకు 1988లో పూర్ణస్వేచ్ఛ. ఏడేండ్లు ఆడి రెండు కాంట్రాక్టులు ముగించిన టామ్ చేంబర్స్ ఆ యేడు సియాటిల్ నుండి ఫీనిక్స్‌కు తొలి పూర్ణస్వేచ్ఛాక్రీడాకారుడై వెళ్లెను. ఇవన్నియు బలవంతపు శాసనములు కావు, సంఘము కూర్చుండి సంతకము చేసిన ఒప్పందములు. ఇపుడు అసలు మాట. బాస్కెట్‌బాల్ రాబడిలో సుమారు సగము, నూటికి 49 నుండి 51 వరకు, ఆటగాండ్రది; అది ఒప్పందమున స్థిరపడియున్నది. జట్లు తక్కువ యిచ్చినను లీగు ఆ కొరతను పూరించి ఆటగాండ్రకు పంచవలసినదే. కావున క్యామ్ థామస్‌కు రాని డాలరు యజమాని జేబులో పడలేదు. మరియొక ఆటగాని చేతికే చేరినది. మొత్తము మీద శ్రామికవర్గమునకు నష్టమెక్కడ?

పాఠకులారా, నేను ముందు చెప్పిన వాదమిది. కార్మిక వ్యాజ్యములలో శ్రామికునికి తగ్గినది యజమానికి పెరిగినదను లెక్కకు అలవాటు పడిన మనకు ఇది ఎదురుగోడవలె కనబడును. వకీలుగారు దీనిని విజయోత్సాహముతో గాక, చాలకాలము మనసులో మోసిన విషయమును బయటపెట్టినట్లు నెమ్మదిగా పలికిరి. మాష్టారును వెంటనే బదులు చెప్పలేదు.

మాష్టారు: మీరు చెప్పిన లెక్క సరియైనదే. మొత్తము తగ్గలేదు. అట్లయిన ఎవని భాగము ఎవనికి పోయినదని అడుగవలెను. డ్రాఫ్ట్‌లోకి ఇంకను అడుగిడని కుర్రవాడు ఒప్పందము నాటికి సంఘములో లేడు, అతనికి ఓటు లేదు. లోపల కూర్చుండి సంతకము చేసినవారు పెద్దలు. యజమానుల నుండి పెద్దలు కొంత తెచ్చుకొనుటకు, రాబోవు చిన్నవారి స్వేచ్ఛను వెలగా ఇచ్చిరి. ఇది దోపిడి యని అనను. ఎల్ల సంఘములలోను ఇట్టి బేరము జరుగుచునే యుండును. ఐనను నష్టపడినవాడు ఒక మనిషి, వర్గము కాదు. నెర్లెన్స్ నోయెల్ సంగతి తీసికొనుడు. 2017లో డాలస్ జట్టు నాలుగేండ్లకు 7 కోట్లు ఇచ్చునన్నను అతడు కాదనినట్లు నాడు పత్రికలలో వచ్చినది. అన్యజట్టు కాగితము రాలేదు. 41 లక్షల క్వాలిఫయింగ్ ఆఫర్‌కు ఆడెను, బొటనవ్రేలికి శస్త్రచికిత్స జరిగినది, మరుసటి వేసవిలో ఓక్లహామా సిటీలో కనిష్ఠ వేతనమునకు చేరెను. మొత్తము తగ్గలేదు సుమీ యని అతనికి చెప్పి చూడుడు!

వకీలు: తొందరపాటు అతనిదని చెప్పుదును. గ్రెగ్ మన్రో 2014లో అదేపని చేసి, డెట్రాయిట్‌లో సుమారు 55 లక్షలకు ఒక యేడాడి, 2015లో మిల్వాకీ నుండి మూడేండ్లకు 5 కోట్లు పుచ్చుకొనెను.

మాష్టారు: ఒక యేడు తన దేహమును పణముగా ఒడ్డిననేగాని స్వేచ్ఛ దొరకదని మీరే నిరూపించితిరి. మోకాలు చెడని వానికి 5 కోట్లు, చెడినవానికి ఏమియు లేదు. ఆ ప్రమాదమును మోయవలసినది ఇరువది మూడేండ్ల కుర్రవాడా, కోట్లు గడించు సంస్థయా?

వకీలు: ఈ మాటకు నేను ఎదురాడను. ఐనను నియమమును బొత్తిగా తుడిచివేయుడని మీరనినచో ఒప్పుకొనను. మరియొక మేలు కలదు. 2015లో శాన్ ఆంటోనియో చేసినది చూడుడు. కవాయ్ లెనర్డ్ పరిమితస్వేచ్ఛలో నున్నంతసేపు అతని పేర క్యాప్ లెక్కలో తక్కువ మొత్తమే నిలిచియుండెను. ఆ చోటులో లామార్కస్ ఆల్‌డ్రిజ్‌ను తెచ్చుకొని, పిమ్మట లెనర్డ్‌కు గరిష్ఠ వేతనము నిచ్చిరి. ఇరుపక్షముల విశ్వాసముతో ఇది ఎంత చక్కగా పనిచేసినది! సంస్కరింపుడు, చంపకుడు.

మాష్టారు: సంస్కరణ మన కన్నుల యెదుటనే జరిగినది. ఐపీఎల్ వేలములో రైట్ టు మ్యాచ్ అనునది ఇదే హక్కు గదా. పూర్వము చివరి పాట ఎంతయో అంతకే పాత జట్టు ఆటగానిని తీసికొనెడిది. 2024 నవంబరు వేలములో ఒక మెట్టు చేర్చిరి: పాత జట్టు హక్కు వాడెదమనినచో, పాడిన జట్టుకు మరియొక్కసారి వెల పెంచు అవకాశము, ఆ పెంచిన వెలకే పాత జట్టు తీసికొనవలెను. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ అర్ష్‌దీప్ సింగ్‌కు 15 కోట్ల 75 లక్షల రూపాయలు పాడగా పంజాబ్ హక్కు వాడెదమనినది. హైదరాబాద్ 18 కోట్లకు పెంచినది, పంజాబ్ అంతయు ఇచ్చి తీసికొన్నది. రిషభ్ పంత్‌కు లక్నో 20 కోట్ల 75 లక్షలు పాడి, ఢిల్లీ హక్కెత్తగానే 27 కోట్లకు పెంచినది, ఢిల్లీ విరమించుకొన్నది. పాత జట్టు హక్కు పోలేదు, ఆటగాని వెలయు చావలేదు.

వకీలు: వేలమునకును కాంట్రాక్టునకును భేదము కలదు. వేలము ఒక దినమున, అందరి యెదుట, నిమిషములలో ముగియును; క్యాప్ చోటు దినములకొలది బంధింపబడుట అందులో లేదు. మీ మెట్టును ఎన్‌బీఏలో చేర్చినచో ఆ బంధనము ఇంకొక దినము పొడుగగును. మొదటి కాగితమును తక్కువగా వ్రాసి, రెండవ మాటకై దాచుకొనుటయు జరుగును.

మాష్టారు: కావున బంధనమునే విప్పవలెను. పాత జట్టు జూన్‌లో క్వాలిఫయింగ్ ఆఫర్ ఇచ్చునప్పుడే, ఏ వెల వరకు సరితూచునో ముద్రవేసిన కవరులో లీగు కార్యాలయమునకు ఇచ్చివేయవలెను. కాగితము వచ్చిన గంటలోనే కవరు విప్పుదురు. వేచియుండుట లేదు, ఒకరు కట్టిన వెలను చూచి నిర్ణయించుకొను సౌఖ్యమును లేదు. ఆటగాడు జట్టుకు నిజముగా ఎంత విలువైనవాడో జట్టే ముందు చెప్పవలెను.

వకీలు: గంటకు బదులు ఒక దినమిచ్చినచో ఆ నిబంధనను నేనే వ్రాసి పెట్టుదును. కాని వ్రాసిన కాగితమును బల్లమీద పెట్టువాడెవ్వడు? ఇప్పటి ఒప్పందము 2029-30 సీజను వరకు నడచును; 2028-29 ముగిసిన పిమ్మట ఏ పక్షమైనను వైదొలగవచ్చును. ఆనాడు కూర్చుండువారిలో మొదటి కాంట్రాక్టులో నున్న కుర్రవాండ్రు ఎందరుందురో చెప్పుడు.

మాష్టారు: కనీసము ఇద్దరుండవలెనని మొదటి నిబంధనగా వ్రాయుడు, వకీలుగారూ. కవరు మాట రెండవది.